లిస్టులో లేని కాలేజీ

మొన్న వేసవిలో మా మనవరాలు హారిక ఎంట్రన్సు రాసి, ఏ కాలేజీలో చేరాలో తేల్చుకోవడానికి ఫోను పట్టుకుని మా భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. పక్కనే వాళ్ళ నాన్న, అంటే మా అల్లుడుగారు, లాప్‌టాప్ తెరిచి పెట్టుకున్నారు. దేశంలోని కాలేజీలన్నిటికీ వరసగా నంబర్లు వేసిన లిస్టేదో ఇద్దరూ కలిసి చూస్తున్నారు. నేను కింద చాప మీద కూర్చుని ఆవకాయకి ముక్కలు తుడుస్తున్నాను. వాళ్ళు ఒక్కో పేరూ చదవడం, నంబరు చెప్పుకోవడం, పెదవి విరవడం చాలాసేపు విన్నాక, "మా కాలేజీ ఎన్నోది వచ్చిందే?" అని అడిగాను. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాను.

హారిక వేలితో చాలాసేపు పైకి తోసింది. "లేదు అమ్మమ్మా" అంది.

"ఇంకా కింద చూడు."

"కింద కూడా లేదు. నంబర్లు అయిపోయాక మిగిలినవాటిని గుంపుగా ఇస్తారు. అందులోనూ లేదు."

మా అల్లుడుగారు మర్యాదస్థులు. "అలాంటి కాలేజీలు అసలు అప్లై చెయ్యవులెండి అత్తయ్యగారూ" అన్నారు నన్ను ఓదారుస్తున్నట్టు. హాల్లోంచి మా ఆయన, పేపరు కిందికి దించకుండానే, "మాది ఉందా హారికా?" అని అడిగారు. "ఉంది తాతయ్యా." "ఊఁ" అన్నారాయన. నలభై ఏళ్ళకి పైగా ఆ "ఊఁ" వింటూనే ఉన్నాను. ఆ పూట నేనేమీ మాట్లాడలేదు, ముక్కలు ఆరబెట్టుకోవాలి, ఆవపిండి జల్లించుకోవాలి. ఆ రోజు అనవలసింది ఇక్కడ రాస్తున్నాను.

మాది కొవ్వూరు. బజారు వీధిలో మా ఇల్లు. ముందు గది ఇత్తడి సామాన్ల కొట్టు, వెనక గదుల్లో మేము. ఇంట్లో ఎప్పుడూ చింతపండు వాసన. దొడ్లో నూతి దగ్గర కొత్త బిందెలూ పాత బిందెలూ చింతపండుతో, ఏటి ఇసకతో తోమి బోర్లిస్తుండేవారు. మధ్యాహ్నం ఎండ వాటి మీద పడ్డాక వచ్చే వేడి లోహపు వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే ఆకలేస్తుంది నాకు, అది మా ఇంట్లో అన్నాల వేళ కనక. నాన్న పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కొట్టు తీయగానే గిన్నె తర్వాత గిన్నె వేలి కణుపుతో టక్కున కొట్టి చెవి పెట్టి వినేవారు. పగులున్నది ఆయనకి వెంటనే తెలిసిపోయేది. స్టీలు సామాను అప్పుడప్పుడే బజార్లోకి వస్తోంది. "దానికి గొంతు లేదు" అని దాన్ని కొట్లోకి రానిచ్చేవారు కాదు. కొట్టుకీ ఇంటికీ మధ్య గుమ్మంలో పీట వేసుకుని మా మామ్మ కూర్చునేది. తన కాఫీ తన ఇత్తడి గ్లాసులోనే తాగేది. కొట్లో మాటలూ ఇంట్లో మాటలూ రెండూ ఆవిడకి అక్కణ్ణుంచే వినపడేవి, రెండింట్లోనూ తన మాట ఒకటి వేసేది.

నాన్నకి చదువు అంటే ర్యాంకు. తను ఎస్సెల్సీ దగ్గరే ఆగిపోయారు. ఏడాదికోసారి యూనివర్సిటీ ఫలితాలు పేపర్లో పడ్డ రోజున మాత్రం కొట్టు అరగంట ఆలస్యంగా తీసేవారు. మొదటి పదిమంది పేర్లూ, పక్కన వాళ్ళ కాలేజీ పేర్లూ పైకి చదివేవారు. అందులో రెండో మూడో పేర్లు ఎప్పుడూ రాజమండ్రిలో ఉన్న ఒక కాలేజీవే అయ్యేవి. ఆ కాలేజీ పేరు ఇక్కడ రాయను. ఎర్ర రాతి మెట్లు, పొడుగాటి వరండా, వరండా గోడకి నల్ల బోర్డు, దాని మీద తెల్ల రంగుతో ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ళ పేర్లు. నాన్న ఏదో పని మీద వెళ్ళి ఆ బోర్డు చూసి వచ్చిన రోజున గుళ్ళోకి వెళ్ళొచ్చినట్టు మాట్లాడారు. నేను చేరింది మాత్రం కొవ్వూరులో ఉన్న చిన్న కాలేజీలో. గోదావరి వంతెన దాటి రోజూ ఆడపిల్లని పంపడం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. మా కాలేజీకి వరండా లేదు. నాలుగు రేకుల షెడ్లు, ఒక పెంకుటి ఆఫీసు గది, ఏటి గాలి సూటిగా తగిలే పెద్ద గ్రౌండు. వాన పడితే లెక్చరర్‌గారి మాట రేకుల మోతలో కలిసిపోయేది. ఆయన వాన ఆగేదాకా బల్ల మీద కూర్చుని మాతోపాటు వానని చూసేవారు.

ఆ గ్రౌండులో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారు. పసుపు ఉన్ని బంతి, నెట్టుకి అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. చాలా తేలికైన బంతి, గాలి వీస్తే ఎటు పోతుందో చెప్పలేం. మా డ్రిల్లు మాస్టారు అప్పారావుగారు గాలి ఎక్కువగా ఉన్న సాయంత్రాలే ఎంచుకుని మరీ ఆడించేవారు. టీముకి కెప్టెన్ సూరిబాబు. కొవ్వూరు పక్క పల్లెలో రైతు కుటుంబం. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ నేల చూస్తూ నడిచే మనిషి. ఇంగ్లీషు రెండుసార్లు తప్పాడు. బ్యాటు చేతికొస్తే మాత్రం తల పైకెత్తేవాడు. మా రెండు కాలేజీలూ ఏటా టోర్నమెంటులో ఎక్కడో ఒకచోట తలపడేవి. పదేళ్ళుగా వాళ్ళే గెలుస్తున్నారు. ఆట కంటే ఎక్కువగా వాళ్ళ పిల్లల కేకలే మా వాళ్ళని ఓడించేవని అప్పారావుగారు అనేవారు. మా వాళ్ళు సర్వీసుకి వెళ్ళగానే వందమంది ఒక్క గొంతుతో "పాసెంత, పాసెంత" అని అరిచేవారట. మా కాలేజీలో పాసైనవాళ్ళు నూటికి ఎంతమంది అని దాని అర్థం.

నేను రెండో ఏడు చదువుతున్నప్పుడు ఫైనల్సు ఆ కాలేజీ గ్రౌండులోనే పడ్డాయి. మా క్లాసులో ఆరుగురం ఆడపిల్లలం. రైల్వే గార్డుగారి అమ్మాయి మేరీ నాకు ప్రాణ స్నేహితురాలు. "మనం వెళ్దాం. వాళ్ళు వందమంది అరుస్తుంటే మనవాళ్ళ తరఫున అరిచేవాళ్ళు ఒక్కళ్ళైనా లేకపోతే ఎలా?" అంది. అప్పటిదాకా మా కాలేజీ ఆడపిల్లలెవరూ మ్యాచికి వెళ్ళలేదు. అరవడానికైతే అసలే వెళ్ళలేదు. నేను ఇంటికొచ్చి మామ్మ పక్కన కూర్చుని, రెండు ఇత్తడి పళ్ళాలు కావాలన్నాను.

"ఎందుకే?"

"వాయించడానికి."

"ఎవరి పెళ్ళి?"

"పెళ్ళి కాదు మామ్మా. ఆట. రాజమండ్రిలో."

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. వద్దంటుందనుకున్నాను. కాఫీ పూర్తి చేసి, గ్లాసు పక్కన పెట్టి, "పైన ఉన్నవి పల్చటివి, అవి మోగవు. కింది వరసలో బరువువి ఉంటాయి, అవి పట్టుకెళ్ళు. ఇద్దరికే ఏం సరిపోతాయి, ఆరుగురికీ తీసుకో" అంది.

ఆ మ్యాచి గురించి నాకు అన్నీ గుర్తున్నాయని అబద్ధం చెప్పను. మొదటి గేము వాళ్ళు చాలా తేలిగ్గా గెలిచారు. ఇరవై తొమ్మిది పాయింట్లకి గేము. మా వాళ్ళవి సగం కూడా కాలేదు. కోర్టు మారుతున్నప్పుడు వాళ్ళ పిల్లలు గుడ్డ మీద పెద్ద అక్షరాలతో రాసిన బ్యానరు ఒకటి పైకెత్తారు. "ముందు ఇంగ్లీషులో ముప్ఫై అయిదు తెచ్చుకోండి, తర్వాత ఇరవై తొమ్మిది కొడుదురుగాని" అని ఉంది దాని మీద. ఎవరి గురించి రాశారో అందరికీ తెలుసు. గ్రౌండంతా గొల్లుమంది. నిజం చెప్పొద్దూ, మాటకి మాటగా చూస్తే బాగానే రాశారు. సూరిబాబు దాన్ని చదివాడు. తెలుగులో ఉంది కాబట్టి ఇబ్బంది లేకుండా చదివాడు. తల దించుకుని నేల చూడటం మొదలుపెట్టాడు.

అప్పుడు మేరీ పళ్ళెం మీద గరిట వేసింది. నేనూ వేశాను. ఆరుగురమూ వేశాం. బరువైన ఇత్తడి. ఆ గ్రౌండు చుట్టూ రాతి గోడలు. ఆ మోతకి వాళ్ళ "పాసెంత" ఎవరికీ వినపడలేదు. రిఫరీ మా వైపు రెండుసార్లు చెయ్యి ఊపాడు. సర్వీసు చేసేటప్పుడు ఆపుతున్నాం, పాయింటు పూర్తి కాగానే మళ్ళీ అందుకుంటున్నాం. ఎవరో "ఆడపిల్లలా, బ్యాండు మేళమా" అని అరిచారు. నా చెవులు వేడెక్కాయి గానీ చెయ్యి ఆగలేదు. సాయంత్రానికి ఏటి గాలి లేచింది. ఆ గాలికి అలవాటు పడ్డవాళ్ళు మావాళ్ళే. రెండో గేము మాకొచ్చింది. మూడోది ఇరవై ఏడు దాకా పక్కపక్కనే నడిచింది. చివరి బంతి నెట్టు అంచుని తాకి, ఒక్క క్షణం అక్కడే ఆలోచించి, మా వైపే పడింది.

ఓడిపోయాం. అందరికీ కన్నీళ్ళు వచ్చాయి, మేరీ తప్ప. ప్యాసింజరు ఎక్కి, వంతెన మీదికి వచ్చాక, "పట్టుకొచ్చిన పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తారేంటి?" అంటూ మళ్ళీ వాయించడం మొదలుపెట్టింది. మా పెట్టెలో మేము, పక్క పెట్టెలో టీము. కిందంతా గోదావరి, పైన ఇనుప దూలాల్లోంచి నీరెండ. కొవ్వూరు స్టేషన్లో దిగి బజారు వీధి దాకా అలాగే నడిచాం. అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. కిరాణా కొట్టు ముసలాయన అడిగాడు, "గెలిచారా అమ్మా?"

"లేదండి. ఓడిపోయాం."

"మరి ఈ వాయింపేంటి?"

"బాగా ఆడామండి" అంది మేరీ.

వీధి మలుపు తిరగకుండానే నాన్నకి తెలిసిపోయిందట. ఆ మోత తన కొట్టు సరుకుదేనని చెవితో పట్టేశారు. నేను గుమ్మంలోకి రాగానే పళ్ళెం చేతిలోంచి తీసుకుని, సొట్టలు తడిమి, లోపల పెట్టారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మగవాళ్ళ మధ్య నిలబడి పళ్ళెం వాయించిన కోమట్ల పిల్ల అని ఊళ్ళో అనుకుంటున్నారట. మూడో రోజు అన్నం తింటూ, నా వైపు చూడకుండా, "చదువు మానిపిస్తాను" అన్నారు. మామ్మ గుమ్మంలోంచి, "పళ్ళాలు ఇచ్చింది నేను. మానిపించాలంటే నన్ను మానిపించు" అంది. ఆవిడ ఏం చదువుతోందని మానిపిస్తారో మాకెవరికీ అర్థం కాలేదు. మాట మాత్రం అక్కడితో ఆగింది.

ఆ ఏడు ఫలితాల్లో నాకు మార్కులు బాగా వచ్చాయి. మా యూనివర్సిటీ కింద ఎక్కడ చూసినా ఎకనామిక్సులో అంతకంటే ఎక్కువ ముగ్గురికో నలుగురికో వచ్చాయని చెప్పుకున్నారు. సెలవులు అవుతుండగా ఒక రోజు మా కొట్టుకి తెల్ల పంచె, కళ్ళజోడు ఉన్న పెద్దమనిషి ఒకాయన వచ్చారు. బిందె బేరానికనుకున్నాం. ఆయన ఆ రాజమండ్రి కాలేజీలో ఎకనామిక్సు లెక్చరరు. నెమ్మదైన మనిషి, ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు.

"మీ అమ్మాయిని ఆఖరి సంవత్సరం మా దగ్గర చేర్పించండి. ఫీజు సంగతి మేం చూసుకుంటాం. హాస్టల్లో గది ఇస్తాం. ర్యాంకు వస్తుంది, నాది పూచీ. మా బోర్డు మీద అమ్మాయి పేరు రాస్తాం" అన్నారు.

నాన్న ముఖం చూసి తీరాలి. లోపలికి వచ్చి కాఫీ తనే స్వయంగా తీసుకెళ్ళారు. నన్ను పిలిచారు. నేను తలుపు పట్టుకుని నిలబడి అడిగాను, "ఇక్కడే చదివితే ర్యాంకు రాదాండి?"

"రాకూడదని లేదమ్మా. ఇంతవరకూ ఎవరికీ రాలేదు."

"రెండేళ్ళు చదువు చెప్పింది వీళ్ళు. ఆఖర్న వచ్చి మీ బోర్డు మీద పేరు రాయించుకుంటే, అది ఎవరి ర్యాంకండి?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు పళ్ళాలు వాయించిన అమ్మాయివా?" అని అడిగారు. అవునన్నాను. "అనుకున్నాను" అన్నారు. కాఫీ తాగి, నాన్నకి నమస్కారం చేసి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నాన్న కేకలు వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేది. "నీ ఇష్టమే కానీ. ఇక్కడే చదువు. ర్యాంకు వస్తే ఎమ్మేకి విశాఖపట్నం పంపిస్తాను. రాకపోతే చదువు అక్కడితో సరి. తర్వాత నన్ను అడక్కూడదు" అన్నారు. సరేనన్నాను. మామ్మ ఈసారి ఏమీ అనలేదు. ఈ బేరం నాదేనని ఆవిడకి తెలుసు.

ఆ ఏడాది నేను చదివినంత ఎప్పుడూ చదవలేదు. దాంతోపాటు ఇంకో పని నెత్తిన వేసుకున్నాను. సూరిబాబు ఇంగ్లీషు మూడోసారి కట్టాడు. అప్పారావుగారు నన్ను పిలిచి, "వాడికి కాస్త చెప్పమ్మా. నేను పక్కనే కూర్చుంటాను, నీకు మాట రాదు" అన్నారు. నెట్లూ బ్యాట్లూ పెట్టే గదిలో, సాయంత్రం ఆట మొదలయ్యే ముందు అరగంట చెప్పేదాన్ని. మాస్టారు గుమ్మంలో కుర్చీ వేసుకుని, తెగిన బ్యాట్లకి తీగలు బిగించుకుంటూ, మాతోపాటు తనూ పాఠం వినేవారు. ఒకరోజు సూరిబాబు వ్యాసం రాస్తూ రాస్తూ ఆగి, "ఫెయిలయ్యాననే గదండి అంత పెద్ద గుడ్డ మీద రాసుకొచ్చారు. పాసైపోతే ఇంకేం రాత్తారండీ వాళ్ళు?" అన్నాడు. "ఏదో ఒకటి రాస్తారు. రాయనీ" అన్నాను.

అతనికి ముప్ఫై ఎనిమిది వచ్చాయి. మార్కుల కాగితం తీసుకుని మా కొట్టుకి వచ్చి, నాన్నకి చూపించి, "మీ అమ్మాయిగారి పుణ్యమండి" అని చెప్పి వెళ్ళాడు. నాన్న ఆ కాగితాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూశారు. అదే వారంలో యూనివర్సిటీ ఫలితాలు వచ్చాయి. నాన్న కొట్టు తియ్యకుండా పది పేర్లూ పైకి చదివారు. నా పేరు లేదు. తర్వాత మార్కుల లిస్టు వచ్చాక తెలిసింది, పదో పేరుకీ నాకూ మూడు మార్కులు తేడా. పదకొండో పేరు పేపర్లో వెయ్యరు.

నాన్న మాట మీద నిలబడ్డారు. నేనూ అడగలేదు. ఏడాది తిరక్కుండా రాజమండ్రి సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు ఆ కాలేజీ విద్యార్థేనని పెళ్ళయ్యాకగానీ నాకు తెలియలేదు. ఆ బ్యానరు పట్టుకున్నవాళ్ళలో తను లేనని ఆయన ఇప్పటికీ చెప్తారు. నేను నమ్మను. ఎమ్మే నేను పిల్లలు బడికెళ్ళే వయసు వచ్చాక ప్రైవేటుగా కట్టాను, కథలు రాయడం ఆ పుస్తకాల పక్కనే మొదలుపెట్టాను. సూరిబాబు జంగారెడ్డిగూడెం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. అక్కడి పొగాకు రైతుల పిల్లలు, పామాయిలు తోటల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు అతని దగ్గర ఆట నేర్చుకుని యూనివర్సిటీ జట్లకి ఆడారని మాకు తెలుస్తుండేది. అతనికీ ఏ లిస్టూ నంబరు వెయ్యలేదు.

ఆ రోజుల్లో అంతా బాగుందని నేను అనను. నా చదువు ఆగిపోయింది, అదేమీ చిన్న సంగతి కాదు. ఆ రోజు నేను ఒప్పుకుని వంతెన దాటి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేదేమోనని ఎన్నోసార్లు అనుకున్నాను. అనుకున్న ప్రతిసారీ ఆ లెక్చరరుగారికి చెప్పిన జవాబే నాకూ చెప్పుకున్నాను. ఇప్పుడు హారిక ఫోనులోనూ రెండు కాలేజీల పిల్లలు ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకుంటూ బొమ్మలు పెట్టుకుంటారు. మా నంబరు ఇంత, మీ నంబరు ఎంత అని. కానీ ఎదురుగా నిలబడి అనరు. ఎదురుగా నిలబడి అంటే అవతలి మనిషి మొహం కనపడుతుంది, తల దించుకున్నాడా, ఎత్తాడా తెలుస్తుంది. అప్పట్లో మమ్మల్ని వెక్కిరించినవాళ్ళకి మేము కనీసం కనపడేవాళ్ళం. ఇప్పటి లిస్టుకి మేము కనపడనే కనపడం. హారిక చివరికి హైదరాబాదులో ఏదో మంచి నంబరున్న కాలేజీలోనే చేరింది. చేరనివ్వండి, దాని ఇష్టం దానిది. నన్నేమీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆ రాజమండ్రి కాలేజీ నుంచే నాకు పిలుపు వచ్చింది. ఆటల పోటీల బహుమతులు నా చేత ఇప్పిస్తారట. రచయిత్రిని, పైగా వాళ్ళ పాత విద్యార్థి భార్యని. మా ఆయన రెండు రోజుల ముందే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. స్టేజీ మీద యాంకరమ్మాయి మైకు పట్టుకుని, "మన కాలేజీ గర్వించదగ్గ పూర్వ విద్యార్థిని" అని నా పేరు చెప్పింది. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో మా ఆయన కూడా కొడుతున్నారు. నేను లేచి మైకు దగ్గరికి వెళ్ళాను.

"చిన్న పొరపాటు జరిగిందండి. నేను ఈ కాలేజీలో చదవలేదు. రమ్మని అడిగారు, రాలేదు. నేను కొవ్వూరులో చదివాను."

వెనక వరసల్లో మగపిల్లలు "ఓ..." అని మొదలుపెట్టారు. ఎన్నేళ్ళయినా ఆ గొంతు మారలేదు. అది తగ్గేదాకా నిలబడ్డాను. ప్రిన్సిపాల్‌గారు కంగారుపడి నా పక్కకి వచ్చి, మైకులో, "పర్వాలేదండి, కొవ్వూరైతే ఏంటి, రాజమండ్రి అయితే ఏంటి, అందరం ఒకటే కదండి" అన్నారు.

"కాదండి. అందరం ఒకటే అయితే ఆట ఎవరితో ఆడతారు?" అన్నాను.

ఈసారి చప్పట్లు కొట్టింది ఆడపిల్లలు. మా ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల వైపు చూస్తున్నారు, నవ్వు ఆపుకుంటున్నారని భుజాలు చూస్తే తెలుస్తోంది. తర్వాత బహుమతులు ఇచ్చాను. ఆడపిల్లల బాల్ బ్యాడ్మింటన్ కెప్టెను పైకి వచ్చింది. నల్లగా, దృఢంగా ఉంది, మోకాలికి కట్టు. కప్పు చేతికి ఇస్తూ, "వచ్చే ఏడు మా కొవ్వూరు వాళ్ళు వస్తారు. జాగ్రత్త" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. కప్పుని చంకలో పెట్టుకుని సూటిగా నా కళ్ళలోకి చూసి, "రమ్మనండి" అంది.

ఆ జవాబు నాకు నచ్చింది.